మిల్లు జట్టు నోరు మూయించిన జయరాజు

జయరాజు పదేళ్ళలో ఏడు జట్లకు ఫుట్‌బాల్ ఆడాడు. ఏ జట్టూ అతణ్ణి రెండేళ్ళకు మించి ఉంచుకోలేదు. ఆట రాక కాదు. నడిమైదానంలో నిలబడి ముందున్నవాళ్ళకు బంతి పంచడంలో నంద్యాల చుట్టుపక్కల అతనికి సాటి లేడు. అయితే ప్రతి జట్టులోనూ ఎవరికో ఒక బావమరిది ఉండేవాడు. బావమరిదికి ఆడాలని సరదా పుట్టిన రోజున జయరాజు తువ్వాలు భుజాన వేసుకుని ఇంకో ఊరికి బయలుదేరేవాడు. ఎన్ని ఊళ్ళు తిరిగినా మనసులో ఉన్నది ఒక్కటే జట్టు. నంద్యాల పత్తిమిల్లు జట్టు. దాన్ని నేలకు తొక్కాలని ఎనిమిదేళ్ళు తిరిగాడు.

అతనిది సంజామల దగ్గర చిన్న పల్లె. నాయన రైతుల దగ్గర జీతానికి ఉండే సేద్యగాడు. అమ్మ సారమ్మ. ఆదివారం ఏసు గుడికి పోయేవాళ్ళు, మిగతా ఆరు రోజులూ పొలానికి పోయేవాళ్ళు. ఆ నాయన గొంతు గురించి ఇప్పటికీ ఆ పల్లెలో చెబుతారు. ఆయన సంజామల చేలో కూత వేస్తే కొలిమిగుండ్లలో గాటికి కట్టేసిన ఎద్దులు తలలు తిప్పేవట. నేను కొలిచి చూడలేదు. కొలిచినవాళ్ళు చెప్పారు.

ఆ కూతలు మూడు. జతలో ఎడమ ఎద్దును దాపటిది అంటారు, కుడి ఎద్దును వలపటిది అంటారు. సేద్యగాడు నాగలి మేడి పట్టుకుని "దాపటా" అని సాగదీస్తే జత ఎడమకు ఒరుగుతుంది. "వలపటా" అంటే కుడికి. సాలు చివరికి వచ్చాక "మళ్ళు" అంటే వెనక్కి తిరుగుతుంది. ఇవి అందరికీ తెలిసినవే. ఆయన వాటిని పలికే తీరు మాత్రం ఆయనది. మొదట కింద నుంచి ఎత్తుకుని, నడుమ కొంచెం వణికించి, చివర ఠక్కున కోసేసేవాడు. కర్ర ఎత్తే పని ఉండేది కాదు.

జయరాజు నంద్యాలలో మిషను హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. చదువు నాలుగేళ్ళకే కాలికి అడ్డం తగిలింది, బంతి మాత్రం కాలికి అతుక్కుపోయింది. ఆటలో తోటివాళ్ళను ఎటు పరిగెత్తమని చెప్పాలో తెలియక ఒకరోజు నాయన కూత వేశాడు. "దాపటా" అనేసరికి ఎడమవైపున్న పిల్లవాడు ఆలోచించకుండా ముందుకు దూకాడు. వాడూ సేద్యగాని కొడుకే మరి. బంతి వాడి కాళ్ళ ముందుకు వచ్చి పడింది, వాడు గోలు కొట్టాడు. ఆ రోజు నుంచి జయరాజు జట్టు అంటే కూతల జట్టు. ఎదుటివాళ్ళకూ ఆ కూతలు అర్థమయ్యేవి, కానీ అర్థమయ్యేలోపు బంతి వెళ్ళిపోయేది.

మిల్లువాళ్ళు అతణ్ణి తీసుకున్నది 1940లో. పత్తిమిల్లులో పని, సాయంత్రం ఆట. జట్టు పెత్తనమంతా సుబ్బరాయుడిది. మిల్లు మేనేజరు, తెల్ల పంచె, వెండి పొన్ను వేసిన చేతికర్ర. నాగలి మేడి ఏ వైపు పట్టుకుంటారో ఆయనకు తెలియదు. జయరాజు ఏడాదిన్నర పాటు మిల్లు కుర్రవాళ్ళకు కూతలు నేర్పాడు. సుబ్బరాయుడి మేనల్లుడు చక్రపాణికి ఇంకా ఓపికగా నేర్పాడు. చక్రపాణి పుట్టి పెరిగింది పట్నంలోనే, కానీ చెవి మంచిది. ఆ ఎత్తుకోవడం, ఆ వణుకు, ఆ కోత, అన్నీ అచ్చం పట్టేశాడు.

1941లో క్రిస్మస్ కప్పు చివరి ఆట. అంతకు ముందు వేసవిలోనే జయరాజు నాయన చనిపోయాడు. కొడుకు ఆట చూద్దామని సారమ్మ సంజామల నుంచి నడిచి వచ్చి గోడ పక్కన కూర్చుంది. చూపు ఆనదు, చెవులు మాత్రం గట్టివి. జట్టు మైదానంలోకి దిగబోతుండగా సుబ్బరాయుడు చేతికర్రతో జయరాజు రొమ్ము మీద ఆనించి ఆపాడు.

"చొక్కా ఇప్పు. చక్రపాణి ఆడతాడు."

ఎందుకని జయరాజు అడిగాడు.

"నీ కూతలు మావాళ్ళకు వచ్చేసినాయి గదప్పా. ఇంక నువ్వెందుకు?"

రెండువేల మంది ఎదుట జయరాజు చొక్కా విప్పి ఇచ్చాడు. ఒంటిమీద తువ్వాలు కప్పుకుని వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆట మొదలైంది. కాసేపటికి మైదానం నడుమ నుంచి "దాపటా" అని కూత లేచింది. సారమ్మ ఉలిక్కిపడి లేచి నిలబడింది. పక్కన కొడుకు ఉన్నాడని చేత్తో తడిమి చూసుకుంది.

"మీ నాయన కూత అది. ఎవుని నోరురా?"

"మేనేజరు అల్లునిది."

"అమ్ముకున్నావా?"

"ల్యా."

"అయితే తెచ్చుకో."

మిల్లు జట్టు ఆ రోజు కప్పు గెలిచింది.

అక్కడి నుంచి జయరాజు ఊరేగింపు మొదలైంది. ఏ ఊరివాళ్ళు పిలిచినా ముందు ఒకటే ప్రశ్న వేసేవాడు. ఈ ఏడు మిల్లుతో ఆట ఉందా లేదా? లేదంటే ఎంత బతిమాలినా కదిలేవాడు కాదు. ఉందంటే ఏమిస్తారని కూడా అడిగేవాడు కాదు. రైల్వే జట్టులో రెండేళ్ళు ఆడాడు. గార్డు బావమరిది గుంతకల్లు నుంచి బదిలీ మీద వచ్చేదాకా నడిచింది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సెక్కి కొలిమిగుండ్లకు పోయాడు. ఆ బస్సు ఎత్తు వస్తే ఎక్కదు, జనం దిగి తొయ్యాలి. అతను తోసిన దూరం లెక్క వేస్తే బస్సే అతని వెంట కొలిమిగుండ్లకు పోయిందని చెప్పాలి. ఆ ఊళ్ళో నాపరాళ్ళు కొట్టేవాళ్ళ జట్టు. మైదానమూ నాపరాయే. బంతి ఒకసారి ఎగిరితే దిగేలోపు బీడీ వెలిగించుకోవచ్చు. కొత్తపల్లె జట్టులో ఏడుగురు ఒకే తల్లి బిడ్డలు. అన్న తప్పు చేస్తే తమ్ముళ్ళు అనరు, తమ్ముడు తప్పు చేస్తే అన్నలు మైదానంలోనే ఉతికేవాళ్ళు. ఆట పక్కకు పోయేది.

ఇలా నాలుగుసార్లు మిల్లు జట్టుకు ఎదురు నిలిచాడు. నాలుగుసార్లూ ఓడిపోయాడు. తాను కొత్తవాళ్ళకు కూతలు నేర్పి తెచ్చేవాడు, కానీ అతను నోరు తెరిచేసరికి మిల్లువాళ్ళు తన జట్టు కంటే ముందే కదిలేవాళ్ళు. వాళ్ళకు నేర్పింది ఏడాదిన్నర, వీళ్ళకు నేర్పింది నెల. ప్రతిసారీ ఆట అయ్యాక చక్రపాణి దగ్గరికి వచ్చి మర్యాదగా "బాగుండావా జయరాజన్నా?" అని పలకరించేవాడు. ఆ మర్యాదే ఎక్కువ మండించేది. ఇంటికి పోతే సారమ్మ "తెచ్చినావా?" అని అడిగేది. లేదంటే సంగటి ముద్ద పళ్ళెంలో కొంచెం గట్టిగా వేసేది.

ఆళ్ళగడ్డకు అతను వచ్చింది 1947లో. ఆ జట్టులో గోలు కాసేవాణ్ణి నేనే. అప్పట్లో గోలు వెడల్పులో మూడోవంతు నా ఒళ్ళే కప్పేది కాబట్టి, మిగతా రెండు వంతులు చూసుకుంటే చాలని నన్ను పెట్టారు. మావాళ్ళది అహోబిలంలో గుడి కొలువు. జట్టులో ముగ్గురు స్వామి పల్లకి మోసే బోయీలు. పారువేటకు స్వామి ఊరూరూ తిరిగే నలభై రోజులూ భుజం మార్చుకుంటూ నడిచే మనుషులు. పక్కవాడి అడుగు ఎక్కడ పడుతుందో చూడకుండానే వాళ్ళకు తెలుస్తుంది. ఆయాసమనేది వాళ్ళకు అలవాటు లేదు.

మొదటిరోజు జయరాజు మమ్మల్ని చూసి, మీకు కూతలు నేర్పనని చెప్పాడు. నేను కారణం అడిగాను.

"నేర్పింది చాలు సామీ. ఇంక ఎవునికీ ఇయ్యను. ఉన్నోళ్ళ కాడ్నించి పెరుక్కోవాల."

ఏడాదిన్నర నోరు మూసుకుని ఆడించాడు. బంతి ఎటు వస్తుందో అతని తుంటి చూసి తెలుసుకోమన్నాడు. బోయీలు వారంలో పట్టేశారు. నాకు నెలలు పట్టింది, ఎందుకంటే నా వైపు అతని తుంటి కాదు, వీపు ఉండేది.

1948 చివర్లో నా చేత ఒక ఉత్తరం రాయించాడు. నంద్యాల కాన్వెంటులో సిస్టర్లు వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పిన గుండ్రటి చేతిరాత నాది. పెళ్ళి శుభలేఖకు కూడా అంత అందంగా రాసి ఉండను. మిల్లు జట్టు ఆళ్ళగడ్డ వచ్చి ఆడాలి. ఆళ్ళగడ్డ గెలిస్తే, ఆ తర్వాత మిల్లు జట్టులో ఏ మనిషీ మైదానంలో ఆ మూడు కూతలూ వేయకూడదు. విషయం అంతే. సుబ్బరాయుడి దగ్గర నుంచి కార్డు వచ్చింది. సరే, అయితే మిల్లు గెలిస్తే జయరాజు ఇంక ఎక్కడా ఆడకూడదు, ఏటా వచ్చి మిల్లులో చేరిన కొత్తవాళ్ళకు కూతలు నేర్పి పోవాలి అని. అంటే నాయన గొంతు ఊడిగానికి ఇచ్చెయ్యమని. జయరాజు కార్డు రెండుసార్లు చదివించుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుని, సరేనని రాయమన్నాడు.

1949 జనవరి చివర్లో, పారువేట పల్లకి ఆళ్ళగడ్డలో దిగిన రోజుల్లో, ఆట పెట్టాం. బోయీలకు ఆ పూట విశ్రాంతి. వేరుశనగ పీకేసిన చేను చదును చేశాం. స్వామి కోసం వచ్చిన జనమంతా గట్ల మీద నిలబడ్డారు. మిల్లు జట్టు లారీలో దిగింది, పదకొండుమందికీ బూట్లు. మేము ఒట్టి కాళ్ళు.

సుబ్బరాయుడు తెలివైనవాడని ఒప్పుకోవాలి. ఆ కూతలు జయరాజు కంటే వేగంగా పట్టుకునేవాడు లేడని ఆయనకు తెలుసు. అందుకని అంతకు వారం ముందు మిల్లు పెరట్లో జట్టును నిలబెట్టి కొత్త ఏర్పాటు చేశాడు. దాపట అంటే ఇకపై కుడి. వలపట అంటే ఎడమ. కూత పాతదే, దిక్కు తిరగేసింది. వారంరోజులు అదే సాధన చేయించాడట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

మైదానంలో తెలిసింది వేరే రకంగా. చక్రపాణి "దాపటా" అన్నాడు. జయరాజు గాలిలా ఎడమకు పోయి అడ్డం నిలిచాడు. బంతి కుడి పక్క నుంచి వచ్చి నా పక్కగా లోపలికి పోయింది. నేను కప్పని రెండు వంతుల్లోంచే పోయింది. పావుగంట తర్వాత "వలపటా" అన్నాడు, జయరాజు కుడికి పోయాడు, ఎడమ నుంచి రెండోది. లారీ పక్కన సుబ్బరాయుడు చేతికర్ర తిప్పుతూ నవ్వాడు. గట్ల మీద ఎవడో, ఆ ముసలెద్దును విప్పేయండని అరిచాడు.

విరామంలో జయరాజు కుండలో నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు. ముఖంలో కోపం లేదు. ఆకలి ఉంది.

"కూతలు తిరగేసినారు సామీ."

"మరి మనమూ తిరగేసి పోదామా?"

"వొద్దు. వాళ్ళను పరిగెత్తిచ్చండి, అంతే. ఆ పదకొండు మందిలో తొమ్మిదిమంది ఏడేండ్లప్పుడే మేడి పట్టినోళ్ళు. నాకు తెల్దా, నేర్పిందే నేను. వొళ్ళు అలిసినాక వారం కిందట నేర్సిన మాట యాడ గుర్తుంటాది? కాళ్ళకు నాయన చెప్పిందే గుర్తుంటాది."

రెండో సగంలో బోయీలు మొదలుపెట్టారు. గోలు కొట్టే పని పెట్టుకోలేదు. ఈ మూల నుంచి ఆ మూలకు బంతిని తిప్పుతూ ఉన్నారు. మిల్లువాళ్ళు వెంటపడ్డారు. దున్నిన చేను, ఎంత చదును చేసినా లోపల మెత్తనే. బూట్లు దిగబడుతున్నాయి. ఇరవై నిమిషాలకు వాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి, చొక్కాలు వీపులకు అంటుకున్నాయి. మా బోయీలు అప్పుడే పల్లకి ఎత్తినట్టు ఉన్నారు.

అప్పుడు జరిగింది. చక్రపాణికి బంతి దొరికింది. కుడి పక్క ఖాళీ చూసి "దాపటా" అని కూత వేసి కుడికి తన్నాడు. అతను పట్నం పిల్లవాడు, అతనికి అది ఒట్టి మాట, ఎటు తిప్పినా తిరుగుతుంది. కుడి పక్కవాడు మాత్రం కదల్లేదు. ఎడమ పక్కవాడు తల వంచుకుని, ఒళ్ళు మరిచి, ఎద్దులా ముందుకు దూకాడు. బంతి ఖాళీ చోటికి వెళ్ళింది. అక్కడ జయరాజు నిలబడి ఉన్నాడు. తుంటి తిప్పాడు, బోయీ అందుకున్నాడు, గోలు.

మళ్ళీ అదే. ఈసారి "వలపటా" అంటే ఇద్దరు కుడికి, ఒకడు ఎడమకు. ఇద్దరిలో ఒకడికి మధ్యలో కొత్త ఏర్పాటు గుర్తొచ్చి ఠక్కున తిరిగాడు, వెనకవాడి తల వాడి దవడకు తగిలింది. వాళ్ళు లేచేలోపు రెండో గోలు. చక్రపాణి ఒక్కొక్కణ్ణీ నిలదీస్తున్నాడు. వాళ్ళు తమ కాళ్ళ వైపు చూసుకుంటున్నారు. ఆ ముఖాలు చూసి జయరాజు మొదటిసారి నవ్వాడు. నాకు అతను చాలాకాలం తెలుసు, అంత చెడ్డ నవ్వు మళ్ళీ చూడలేదు.

సుబ్బరాయుడికి ఓపిక పోయింది. గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చి "పాతదే, పాతదే, తిరగేయొద్దండి" అని కేకలు పెట్టాడు. ఆ మాట ఇటువైపు ఉన్న అయిదుగురికి వినబడింది. అటువైపు ఉన్న అయిదుగురికి వినబడలేదు. ఆ తర్వాత మిల్లు జట్టు చేసినదాన్ని ఆట అనడానికి లేదు. సంతలో తాళ్ళు తెంపుకున్న గొడ్లు ఎలా తిరుగుతాయో అలా తిరిగారు. వాళ్ళ గోలు కాసేవాడు కూడా ఒక కూతకు బయటికి వచ్చేశాడు. ఇంక అయిదు నిమిషాలు ఉందనగా జయరాజు బంతిని తానే నడిపించుకుంటూ పోయాడు. అడ్డం వచ్చినవాడు లేడు. గోలు గీత మీద బంతిని ఆపి, వెనక్కి తిరిగి సుబ్బరాయుడి వైపు చూసి, అప్పుడు మడమతో లోపలికి తోశాడు.

మూడు, రెండు. జనం చేనులోకి వచ్చేశారు. సుబ్బరాయుడు లారీ ఎక్కబోతుంటే జయరాజు వెళ్ళి అడ్డం నిలిచాడు. చేతిలో ఆ కార్డు.

"ఓడితిరి. ఇంక ఆ కూతలు మీ నోట్లో ఉండగూడదు."

ఇది ఆటే కాదని, పొలంలో ఎక్కడో ఆడించి మోసం చేశారని సుబ్బరాయుడు అన్నాడు. ఆ మూడు మాటలూ లోకంలో అందరివీ, ఎవడబ్బ సొత్తూ కాదని కూడా అన్నాడు.

"మా అబ్బ సొత్తే" అన్నాడు జయరాజు. "మాటలు అందరివీ. ఆ గొంతు మాది. మీరు మామూలుగా మాట్లాడుకోండప్పా, నేను వొద్దంటానా? కూత మాత్రం ఏసిన్నాడు, ఈ కార్డు నంద్యాల బజార్లో గోడకు అంటిస్తా. మీ దస్తఖతు బాగుండాది."

చుట్టూ స్వామి దర్శనానికి వచ్చిన నూరు పల్లెల జనం. సుబ్బరాయుడు చేతికర్ర చంకలో పెట్టుకుని తల ఊపాడు. లారీలో చక్రపాణి ఆ రోజు ఎవరినీ పలకరించలేదు.

అంతటితో పోనిస్తాడని మేమంతా అనుకున్నాం. ఆ నెలలోనే జయరాజు ఆడటం మానేశాడు. వయసు ముప్ఫై కూడా దాటలేదు. ఎందుకని అడిగితే, ఇంక వేరే పని ఉంది, అది తీరిక ఉంటేగాని కాదని చెప్పాడు. ఆ పని ఏమిటో రెండు నెలలకు తెలిసింది. మిల్లు జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి పోయి, గీత పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. నంద్యాల, కోయిలకుంట్ల, బనగానపల్లె, ఒకటీ వదల్లేదు. పక్కన వేయించిన వేరుశనక్కాయల మూట. ఒక చెయ్యి చెవి వెనక.

మిల్లువాళ్ళు ఆ ఏడాదంతా మూగాటలు ఆడారు. సుబ్బరాయుడు ముందు చేతిరుమాళ్ళు పెట్టించాడు. ఎర్రది ఎడమకు, తెల్లది కుడికి. రుమాలు జేబులోంచి తీసేసరికి బంతి ఎదుటివాళ్ళ దగ్గర ఉండేది. తర్వాత ఈలలు నేర్పించాడు. రెఫరీ ఈల అనుకుని అందరూ ఆగిపోయేవాళ్ళు. పేర్లు పెట్టి పిలుచుకోండంటే, పదకొండు మందిలో నలుగురి పేరు సుబ్బడే అయ్యింది. ఆడిన పన్నెండు ఆటల్లో తొమ్మిది పోయాయి. జయరాజు ఒక్కొక్క ఓటమికీ ఒక్కొక్క కాయ ఒలుచుకుని నెమ్మదిగా నమిలేవాడు. చప్పట్లు కొట్టేవాడు కాదు.

ఆ డిసెంబరులో మళ్ళీ క్రిస్మస్ కప్పు. మిల్లు జట్టు ఎలాగో చివరి ఆటకు వచ్చింది. జయరాజు ఈసారి సారమ్మను కూడా బస్సులో తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాళ్ళ వెనక నేనున్నాను. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, ఆఖరి నిమిషాలు. బంతి చక్రపాణి కాళ్ళ దగ్గర ఉంది. ఎడమ పక్కన అతని మనిషి ఒంటరిగా, ఎదుట ఖాళీ గోలుతో, ఎటో చూస్తూ నిలబడి ఉన్నాడు. ఒక్క కూత చాలు. చక్రపాణి ఛాతీ పొంగింది, నోరు తెరుచుకుంది, గొంతులో నరం లేచింది. అప్పుడు అతని చూపు గీత పక్కన గోనెపట్టా మీద పడింది. జయరాజు చెయ్యి చెవి వెనకే ఉంది. చక్రపాణి నోరు మూసుకున్నాడు. మింగినట్టు గొంతు కిందికి కదిలింది. అప్పటికే ఎదుటివాడు బంతి తన్నుకుపోయాడు. అరనిమిషంలో మిల్లు గోల్లో బంతి పడింది, కప్పు పోయింది.

జనం అరుపులు తగ్గేదాకా సారమ్మ కదల్లేదు. తల పక్కకు వంచి వింటూ ఉంది.

"ఏమన్నా వినపడెనా నాయనా?"

"ఏం ల్యామ్మా."

"బాగా విన్నావా?"

"బాగనే విన్నా."

ఆమె కొడుకు చేతిలోంచి ఒక కాయ తీసుకుని ఒలిచింది.

"అయితే వాళ్ళు లారీ ఎక్కిందాకా కూచుందాం" అంది.